రైవాడ దాటాక సారపప్పు చెట్టు

మే నెల ఎండలో చోడవరం నుంచి దేవరాపల్లి చేరాను. శారదా నది మీద కట్టిన రైవాడ జలాశయం దేవరాపల్లి మండలంలోదే. విశాఖ నగరం తాగే నీళ్లలో కొంత ఇక్కడి నుంచే వెళుతుంది. జలాశయం వెనక నుంచి అనంతగిరి వైపు కొండలు లేస్తాయి. నేను బయల్దేరింది ఆ వాలులో ఉన్న సారపప్పు చెట్లు చూడటానికి. కొన్ని చోట్ల ఈ చెట్టునే మొర్రి అంటారు.

మామిడి, జీడిమామిడి కుటుంబానిదే ఈ చెట్టు. బెరడు మొసలి వీపులా పగుళ్లు తేలి నల్లగా ఉంది. ఆకులు వెడల్పుగా, దళసరిగా ఉన్నాయి. రేగుపండు కన్నా చిన్నవైన కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. పండి నల్లబడినదొకటి నోట్లో వేసుకున్నాను. గుజ్జు పల్చన, తీపిలో కాస్త పులుపు. మిగిలిందంతా గట్టి గింజే.

అసలు సరుకు ఆ గింజలోనే ఉంది. చెట్టు కింద పళ్లు ఏరుతున్న ఒక గిరిజన మహిళ పని ఎలా సాగుతుందో చెప్పింది. పళ్లను రాత్రంతా నానబెట్టి, తెల్లారి రుద్ది తొక్క వదిలిస్తారు. గింజలు ఎండాక తిరగలిలో పైపైన తిప్పితే పెంకు విడుతుంది. చేటతో చెరిగితే కందిపప్పంత పలుకులు మిగులుతాయి. వాటిలో సగానికి పైగా నూనే. పాయసంలో, మిఠాయిల్లో, హైదరాబాద్ షీర్ ఖుర్మాలో మనం తినే సారపప్పు ఇదే.

"పండి రాలింది ఏరితే పప్పు నిండుగుంటాది బాబూ. పచ్చిది కోత్తే ముడుసుకుపోద్ది" అందామె.

"మరి పచ్చివి కూడా ఎందుకు కోస్తున్నారమ్మా?"

"మేం ఆగితే ఇంకోలు కోసుకుపోతారు గదా!"

పక్కనే మరో చెట్టుకు కొమ్మలు నరికేసి ఉన్నాయి. కాయ అందక కొమ్మే కొట్టేశారు. పెంకు గట్టిది కావడంతో గింజ సులువుగా మొలవదు. అందుకే పాత చెట్టు పోతే దాని చోటు నిండటం కష్టం.

అటవీ ఫలసాయం మీద గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం యాజమాన్య హక్కు ఇచ్చింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిన్న అటవీ ఉత్పత్తుల జాబితాలో సార గింజ కూడా ఉంది. ఇలాంటి ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తోంది. కొనేవారు పండిన గింజకు ఎక్కువ, పచ్చిదానికి తక్కువ ధర కడితే, ఊరంతా కూర్చుని కోత మొదలుపెట్టే రోజు నిర్ణయించుకుంటే కొమ్మ మీద కత్తి పడదు. ఈ చెట్టును కాపాడే దారి ఇదే.