ఉసిరికాయంత గడ్డ

కడుపులో నొప్పి అని కరీంనగర్‌లో స్కానింగుకు వెళ్ళాను. నొప్పికి కారణం ఏమీ దొరకలేదు గాని, ఎడమ మూత్రపిండం మీద మూడు సెంటీమీటర్ల గడ్డ దొరికింది. "ఉసిరికాయంత ఉందండీ" అన్నాడు కుర్ర డాక్టరు, పచ్చడి పెట్టుకోమన్నంత తేలికగా.

నేను మొదట చూపించుకున్న పెద్ద డాక్టరుగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే, "కిడ్నీ తీసేద్దాం. మనిషికి ఒకటి చాలు" అన్నారు. మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంది. నేను సంతకానికి సిద్ధమయ్యాను. ధైర్యమనుకునేరు, మారు మాట అడగటానికి మొహమాటం!

అడ్డుపడింది మా మంచిర్యాల అక్కయ్య. (2016లో మంచిర్యాల వేరే జిల్లా అయినా మా నోటికి ఇంకా ఆదిలాబాదే.) "తమ్ముడూ, మీ బావకు గూడ గిట్లనే ఒకటి చాలన్నరు. మిగిలిన దాన్ని షుగరు తినేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీస్కపోతున్న. నీకు గూడ షుగరు ఉన్నది గద! గడ్డ మట్టుకే తియ్యరాదా అని అడుగు" అంది.

హైదరాబాదు వెళ్ళి అడిగాను. అక్కడి డాక్టరుగారు నవ్వి, ఆ ఆలోచన 1887 నాటిదన్నారు. జర్మనీలో చెర్నీ అనే వైద్యుడు అప్పుడే గడ్డ ఉన్న భాగం కోసి మిగతా కిడ్నీని ఉంచాడట. తరవాత చాలాకాలం మొత్తం తీసెయ్యడమే పద్ధతిగా సాగింది. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డ అయితే, వీలున్నంతవరకు కిడ్నీని దక్కించటమే ముందు చూస్తారట. పైగా అటువంటి చిన్న గడ్డల్లో అయిదింట ఒకటి క్యాన్సరే కాదట.

పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాలు. లోపలికి గాలి నింపి, కెమెరాతో చూస్తూ, కిడ్నీకి పోయే రక్తనాళాన్ని క్లిప్పుతో బిగిస్తారు. అక్కడినుంచి గడియారం చూసుకోవాలి. గడ్డ కోసి, కుట్లు వేసి, ఇంచుమించు ఇరవై అయిదు నిమిషాలలోగా నాళం వదలాలి. ఆలస్యమైతే దక్కించిన కిడ్నీయే దెబ్బతింటుంది. అందుకే చెయ్యి తిరిగినవారు కావాలి. రక్తం కారే భయమూ ఉంది, అవసరమైతే పొట్ట కోయవలసి రావచ్చునని ముందే చెప్పారు. ఆ మాట చెప్పినందుకే నాకు ఆయనమీద నమ్మకం కుదిరింది.

నాలుగో రోజున ఇంటికి పంపారు. పరీక్షలో అది క్యాన్సరే అని తేలింది గాని, అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఏళ్ళ తరబడి స్కానింగులు తప్పవు.

నెల తిరిగాక మంచిర్యాల వెళ్ళాను. ఆ రోజు బావకు డయాలసిస్. సూదులున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో నా చొక్కా పైకెత్తి చూశాడు.

"గింతేనా?" అన్నాడు. అక్కయ్య కిటికీ వైపు తిరిగి నిలబడింది.