చింత, స్వామి, మనం

ప్రేమకి భాష అడ్డు కాదంటారు. అడ్డు సంగతేమో గానీ, ప్రేమ దాచిపెట్టే గుట్లు చాలావాటిని భాష బయటపెడుతుంది.

అతను జావాలోని యోగ్యకర్తలో టీచరు. 2019లో ఇంగ్లీషు బోధనలో శిక్షణ కోసం హైదరాబాదు వచ్చాడు. నేను విజయవాడలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. అతను తిరిగి వెళ్ళాక మా ఇద్దరికీ మిగిలింది ఫోనే. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. నేను అన్నాలకి కూర్చునే వేళకి అతను నిద్రకి తూగుతుంటాడు. ఇంగ్లీషులో మొదలైన మాటల్లోకి నెమ్మదిగా ఒకరి భాష ఒకరికి వచ్చి చేరింది.

మా ఊరు చింతలపూడి అని చెప్తే అతను పకపకా నవ్వాడు. వాళ్ళ భాషలో 'చింత' అంటే ప్రేమట! సంస్కృతం నుంచి వెళ్ళిన మాటే. సముద్రం దాటి అక్కడ ప్రేమ అయింది, మన దగ్గర దిగులుగానే ఉండిపోయింది. ఊరికి ఆ పేరు చింతచెట్ల వల్లనే వచ్చిందనుకుంటూ పెరిగాం మేము. ఈ సంగతి చెప్తే అమ్మ, "రెండూ ఒకటే కదే" అంది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. వాళ్ళు భర్తని 'సువామి' అంటారు. మన స్వామే. భార్య 'ఇస్త్రి', మన స్త్రీయే. నాకైతే ఆ మాట వినగానే బట్టలే గుర్తొచ్చాయి. పెళ్ళితో మగవాడు స్వామి అవుతాడు, ఆడది ఆడదిగానే ఉండిపోతుంది. మనం వ్యాసాల్లో రాసుకునే పితృస్వామ్యం అక్కడ రోజువారీ మాటలోనే కూర్చుని ఉంది. ఇండోనేషియా 1974 వివాహ చట్టం, భర్త కుటుంబానికి తల అనీ, భార్య గృహిణి అనీ రాసే పెట్టింది. తలకి వాళ్ళ మాట 'కెపాల'. మన కపాలమే! "మన కుటుంబానికి కపాలం నువ్వేనా?" అని అడిగితే ఇబ్బందిగా నవ్వాడు.

తర్వాత నా భాష వంతు వచ్చింది. ఆమెకీ అతనికీ వాళ్ళు 'దియా' అనే ఒక్క మాటే వాడతారు. "నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. అమ్మ బస్సు వైపెందుకుంది?" అన్నాడు. నలుగురు ఆడవాళ్ళు కలిస్తే 'వచ్చారు' అంటామని చెప్పాను. అంటే ఒక్కతే ఉంటే వస్తువుల వరస, నలుగురైతే మనుషుల వరస.

ఏ చుట్టరికమూ లేని మా రెండు భాషల్లో ఒకటి మాత్రం చిత్రంగా కలిసింది. ఎదుటివాళ్ళని కలుపుకునే 'మనం', వదిలేసే 'మేము'. వాళ్ళకి 'కిత', 'కమి'. ఇంగ్లీషుకి ఈ తేడా లేదు.

పెళ్ళి మాట ఎత్తిన రోజు నాన్న, "మేము ఆలోచించి చెప్తాంలే" అన్నారు. ఫోన్లో విన్న అతను ఆశ్చర్యపోయాడు. "కమి అన్నారా? నీ పెళ్ళి ఆలోచనలో నువ్వు లేవా?" పుట్టినప్పటినుంచీ వింటున్న మాటలో నేను లేనని ఒక పొరుగు దేశపు చెవి పట్టుకుంది.

వాళ్ళమ్మగారు మాత్రం సందేహమే పెట్టుకోలేదు. "ఇకుత్ సువామి" అన్నారు. భార్య భర్త వెంట వెళ్తుందని అర్థం. నా ఉద్యోగం, నా పిల్లలు, అంటే నా విద్యార్థులు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, ఇవన్నీ ఆ రెండు మాటల్లో కొట్టుకుపోయాయి.

"నువ్వెందుకు రాకూడదు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం అందరూ జవాబుతో సహా అడిగారు. చివరికి, "కిత ఆలోచిద్దాం" అన్నాడు.

'కిత' అనడం తేలికే. అందుకే ఒక కాగితం మీద రెండు గళ్ళు గీశాం. నేను వెళ్తే నేను పోగొట్టుకునేవి ఒక దాంట్లో, అతను వస్తే అతను పోగొట్టుకునేవి ఇంకో దాంట్లో. నా గడి ఒక్క రాత్రిలో నిండింది. అతని గడిలో ఇప్పటికి రెండే వాక్యాలు. అది కూడా నిండాకే ఎవరు వీసాకి దరఖాస్తు పెట్టాలో తేలుతుంది. అంతవరకూ నా ఉద్యోగం నాదే, అతని చింత అతనిదే.