నాన్నగారి నలభై రెండు సెకన్లు

మా నాన్నగారు తెనాలిలో ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశారు. 2011 వేసవిలో టెక్సస్‌లో మా ఇంటికి వచ్చేనాటికి ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. వచ్చిన రెండోరోజే, జెట్‌లాగ్ కూడా తీరకుండా, పొద్దున్నే బూట్లు వేసుకుని వాకింగుకి బయల్దేరారు. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేసి, "ఒరేయ్, మీ వీధి చివర ఫుట్‌పాత్ గడ్డిలోకి వెళ్ళి మాయమైపోయిందిరా! అక్కణ్ణించి మనుషులు ఎగిరి వెళ్తారా?" అన్నారు.

నేను నవ్వేశాను. నవ్వడానికి నాకు అర్హత లేదన్న సంగతి అప్పుడు తోచలేదు. నా ఉద్యోగం ట్రాఫిక్ ఇంజనీరింగ్. ఏ కూడలిలో ఏ లైటు ఎంతసేపు వెలగాలో లెక్కగట్టడమే నా పని.

ఇంటికి అరమైలు దూరంలో పెద్ద రోడ్డుకి అవతల ఇండియన్ కొట్టు, దాని పక్కనే లైబ్రరీ ఉన్నాయి. నాన్నగారు నాలుగు రోజులు వరసగా సిగ్నల్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేశారు. ఎందుకని అడిగితే ఒకరోజు "ఎండ" అన్నారు, ఇంకోరోజు "మోకాలు" అన్నారు. ఐదోరోజు శనివారం కావడంతో నేనూ వెంట వెళ్ళాను.

అటు మూడు, ఇటు మూడు, మధ్యలో ఎడమకి తిరిగేందుకు ఒకటి, మొత్తం ఏడు వరసల రోడ్డది. వరసకి పన్నెండడుగుల చొప్పున 84 అడుగులు. బటన్ నొక్కాం. నడిచే మనిషి బొమ్మ ఏడు సెకన్లు వెలిగింది. తరవాత 24 నుంచి అంకెలు దిగడం మొదలైంది. సున్నా పడేసరికి నాన్నగారి ముందు ఇంకా రెండు వరసలు మిగిలే ఉన్నాయి. ఆగిన పికప్ ట్రక్కు వాడు హారన్ కొట్టలేదు పాపం. కానీ నా చేతిలో ఆయన చెయ్యి వణకడం నాకు తెలుస్తూనే ఉంది.

అవతలి గట్టు చేరాక, ఆయాసం తగ్గాక అడిగారు. "ఈ లెక్క ఎవరు వేశార్రా?"

"నాలాంటివాళ్ళే నాన్నా."

మా వృత్తికి భగవద్గీత లాంటి పుస్తకం ఒకటుంది. పేరు 'మాన్యువల్ ఆన్ యూనిఫాం ట్రాఫిక్ కంట్రోల్ డివైసెస్'. మనిషి సెకనుకి నాలుగడుగులు నడుస్తాడనుకుని లెక్కెయ్యమని చాలాకాలం అది చెప్పింది. 2009 ఎడిషన్‌లో దాన్ని మూడున్నరకి తగ్గించారు. 2023లో వచ్చిన పదకొండో ఎడిషన్‌లోనూ అదే అంకె. 84ని మూడున్నరతో భాగిస్తే సరిగ్గా 24. లెక్కలో తప్పు లేదు. నాన్నగారు మాత్రం సెకనుకి రెండడుగులే నడుస్తారు!

"మరి నాలాంటివాళ్ళకి వేరే లెక్క లేదా?" అన్నారు.

"ఉంది. అంతకన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళు మామూలుగా దాటే చోట ఇంకా తక్కువ వేగం తీసుకోవడం గురించి ఆలోచించాలి అని రాసుంది."

ఆయన కాసేపు రోడ్డుకేసి చూశారు. "నాలుగు రోజులు వచ్చి దాటకుండా వెనక్కి వెళ్ళానే, ఆ నాలుగు రోజులూ నేను మీ లెక్కలో ఉన్నానా?"

నా దగ్గర జవాబు లేదు. మేం దాటినవాళ్ళని లెక్కపెడతాం. దాటలేక ఆగిపోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. వాళ్ళు కనబడరు గనక సెకన్లు పెరగవు. సెకన్లు పెరగవు గనక వాళ్ళు రారు.

ఆ సాయంత్రమే ఆయనకో నోటుబుక్కు కొనిచ్చాను. రీడ్ ఈవింగ్, సూసన్ హ్యాండీ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. నిపుణులకి వీధుల వీడియోలు చూపించి, నడిచేవాడికి వీధి ఎందుకు నచ్చుతుందో కొలవడానికి ప్రయత్నించారు. వీధి గుర్తుండిపోతుందా, చుట్టూ ఆవరించినట్టు ఉంటుందా, మనిషి కొలతకి తగినట్టు ఉందా, గోడల వెనక బతుకు కనిపిస్తుందా, కంటికి వైవిధ్యం ఉందా అని చూశారు. వీటిని కొలవడానికి కిటికీలు, బెంచీలు, రంగులు, మనుషులు, ఇలా కంటికి కనిపించేవే లెక్కపెడతారు.

నాన్నగారికి ఇది భలే నచ్చింది. రోజూ పొద్దున్న టేపు పట్టుకుని ఇద్దరం బయల్దేరేవాళ్ళం. సైడ్‌వాక్ వెడల్పు నాలుగడుగులు. పక్కన కిటికీలు సున్నా, అంతా చెక్క ఫెన్సే. బెంచీలు సున్నా. మనుషులు ఒకరు, కుక్కతో.

డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆయన 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన పని గురించీ చెప్పాను. కార్లు తక్కువ తిరిగే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, బాగా తిరిగే వీధిలో ఒక్కరికన్నా తక్కువ, 0.9 అని తేలింది. "స్నేహాన్ని కూడా లెక్కపెట్టారా!" అని ఆశ్చర్యపోయి, నోటుబుక్కులో 'పలకరింపులు' అని ఇంకో గడి గీశారు. దాని పక్కన, నేను చెప్పకుండానే, మూడో గడి: 'వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళినవాళ్ళు'.

ఆ డిసెంబర్లో తెనాలి వెళ్ళినప్పుడు వాళ్ళ వీధినీ కొలిచాను. ఫుట్‌పాత్ లేదు. కాలవ మీద పలకలు సగం ఊడిపోయాయి. స్కూటర్లు మోచేతులు రాసుకుంటూ పోతున్నాయి. పుస్తకం ప్రకారం ఆ వీధి ఫెయిలే. కానీ అరుగుల మీదనుంచి పావుగంటలో పదకొండు పలకరింపులు వచ్చాయి. అందుకని ఆ వీధే మేలని నేననను. ఆ కాలవలో పడితే పలకరింపులు కాలు అతికించవు. పెద్దవాళ్ళకి రెండూ కావాలి.

మా సిగ్నల్ చూసే ఆఫీసుకి ఉత్తరం రాస్తే, నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎంతమంది దాటుతున్నారని అడిగారు. నేను నోటుబుక్కులో మూడో గడి కాపీ తీసి పంపాను. నెలరోజుల్లో పద్నాలుగు మంది. అందులో నాన్నగారు కాక చీరల్లో వచ్చిన అమ్మలు, చంకకర్రతో వచ్చిన పెద్దాయన, వాకరుతో వచ్చిన ముసలావిడ ఉన్నారు. మరుసటి ఏడాది 24ని 34 చేశారు.

వెంటనే తెనాలికి ఫోన్ చేసి, "పది సెకన్లు పెంచారు నాన్నా" అన్నాను.

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. మనసులో కూడుతున్నారని అర్థమైంది. "ఏడూ ముప్ఫై నాలుగూ నలభై ఒకటి. నాకు కావలసింది నలభై రెండు కదరా! సరేలే, ఆ ఒక్క సెకనూ పరిగెడతాను."

ఆయన మళ్ళీ రాలేదు. 2016లో పోయారు. ఇప్పటికీ ఆ కూడలిలో కారు ఆగినప్పుడు, చీర కింద టెన్నిస్ బూట్లు వేసుకుని, మనవడి స్ట్రోలర్ తోసుకుంటూ ఏ అమ్మగారో దాటుతుంటే నా పెదాలు వాటంతటవే లెక్కపెడతాయి. ముప్ఫై తొమ్మిది... నలభై... నలభై ఒకటి. ఆకుపచ్చ వెలిగినా, ఇంకొక్కటి లెక్కపెట్టాకే బ్రేకు మీదనుంచి కాలు తీస్తాను.