వెయ్యి డాలర్ల తుపాకీ, పదివేల షెల్స్

గాలిలోకి విసిరే మట్టి బిళ్ళలు, అంటే క్లేలు కొట్టడానికి పనికిరావాలి, సెప్టెంబర్‌లో గువ్వల వేటకు, చలికాలంలో బాతుల వేటకు వెంట రావాలి, క్లబ్బులో సరదా పోటీ పెడితే పరువు దక్కాలి, ధర మాత్రం వెయ్యి డాలర్ల చుట్టుపక్కలే ఉండాలి. అమెరికాలో మొదటి షాట్‌గన్ కొనాలనుకునే మనవాళ్ళ కోరికలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఒక్క తుపాకీతో ఇన్ని పనులూ అవుతాయా అంటే, సెమీ ఆటోమేటిక్ అయితే అవుతాయి. చిక్కల్లా ఎంచుకునే పద్ధతిలోనే ఉంది. దుకాణంలో వరసగా నిలబెట్టిన తుపాకులను చూస్తుంటే ఎవరికైనా ముందు వేటే గుర్తొస్తుంది. ఎగిరే బాతు, మంచు, బురద, ఎంత దూరం కొడుతుందన్న ఆరా. నా వాదన దీనికి ఎదురు. ఆ తుపాకీ తన ఆయుష్షులో పేల్చే షెల్స్‌లో నూటికి తొంభై క్లేల మీదే ఖర్చవుతాయి. కాబట్టి దాన్ని క్లేల కోసమే కొనాలి, వేటకు దాన్నే తీసుకెళ్ళాలి. వేటకని కొన్నది క్లేలకూ సర్దుకుంటుందిలే అనుకుంటే భుజమూ నొస్తుంది, పర్సూ నొస్తుంది.

లెక్క వేసి చూద్దాం. క్లేల ఆటల్లో స్కీట్ రౌండుకు 25 క్లేలు, ట్రాప్ రౌండుకు 25, షెల్స్ పెట్టెలో ఉండేవీ 25. చెట్ల మధ్య బాటలో నడుస్తూ ఒక్కో మజిలీలో ఒక్కో తీరుగా ఎగిరే క్లేలను కొట్టే స్పోర్టింగ్ క్లేస్ అయితే పూర్తి ఆటకు 100. నెలకు రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు పెట్టెలు కాల్చే మనిషికి ఏడాదికి 2,400 షెల్స్ అవుతాయి. అదే మనిషి టెక్సస్‌లో గువ్వలకు రెండు మూడు రోజులు, బాతులకు మరో రెండు మూడు రోజులు పోయాడనుకున్నా, గురి ఎంత తప్పినా, 200 షెల్స్ దాటడం కష్టం. మామూలు టార్గెట్ షెల్స్ పెట్టె సుమారు 10 డాలర్లు. అంటే ఏడాదికి షెల్స్‌కే వెయ్యి డాలర్లు, క్లబ్బు క్లేలకు పుచ్చుకునేది దాదాపు మరో అంత. నాలుగేళ్ళు తిరిగేసరికి పదివేల షెల్స్, ఏడెనిమిది వేల డాలర్లు. ఈ లెక్క ముందు తుపాకీ ధరలో మిగిల్చే రెండు వందలు ఏపాటి? ఖర్చును శాసించేది తుపాకీ కాదు, దాని ఆకలి. పక్కమాటగా ఒకటి చెప్పాలి. పొడవు తుపాకుల మీదా షెల్స్ మీదా 11 శాతం ఫెడరల్ పన్ను ఉంది. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు, వేట శిక్షణకు, రేంజిల నిర్మాణానికి పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట మూతపడిన భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ పిట్టను కొట్టడమా అని సంకోచించేవాళ్ళకు ఇది పూర్తి సమాధానం కాదు గానీ, పిట్ట జోలికే పోని క్లే షూటర్ కూడా ఆ నిధికి తన వంతు కడుతూనే ఉంటాడు.

ఏ తుపాకీ అన్నదానికంటే ముందు తేలవలసింది వీసా. పౌరులూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళూ ఈ పేరా దాటేయవచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీని గానీ, ఒక్క షెల్‌ను గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా, స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకున్నా అదే చట్టం వర్తిస్తుంది. ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనలాంటివాళ్ళకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్ లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి. ఆ తేదీ మరిచిపోయినవాడి బీరువాలో ఉన్న తుపాకీ మర్నాటి నుంచీ నేరమే. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం విడిచి వెళ్ళమనే దాకా వస్తుంది. క్లేలు తప్ప మరేమీ కొట్టని మనిషి కూడా వేట లైసెన్సు తీసుకోవడం వింతగా కనిపించవచ్చు, కానీ నాకు తెలిసినంతలో ఇంత చవకైన బీమా ఇంకొకటి లేదు.

ఇక అసలు విషయం. నేటి సెమీ ఆటోమేటిక్‌లలో ముఖ్యమైనవి రెండు జాతులు. మొదటిది గ్యాస్. షెల్ పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత బ్యారెల్‌కున్న సన్నని రంధ్రాల్లోంచి వచ్చి పిస్టన్‌ను తోస్తుంది, ఆ తోపుకు ఖాళీ షెల్ బయటపడి కొత్తది లోపలికి ఎక్కుతుంది. రెండోది ఇనర్షియా. బ్రూనో చివొలాని కనిపెట్టగా ఇటలీ కంపెనీ బెనెల్లి పేరు తెచ్చిన పద్ధతి ఇది. తుపాకీ వెనక్కి కదులుతున్నా లోపలి బరువైన బోల్టు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ రెండిటి మధ్య గట్టి స్ప్రింగ్ నలిగి, తిరిగి విచ్చుకుంటూ బోల్టును వెనక్కి విసురుతుంది. రెండూ నమ్మదగినవే. తేడా భుజానికి తెలుస్తుంది. తన్ను మొత్తాన్ని ఏ యంత్రమూ మాయం చేయలేదు, న్యూటన్ ఒప్పుకోడు. గ్యాస్ తుపాకీ చేసేదల్లా దాన్ని ఇంకాస్త ఎక్కువసేపు పరచడం. బస్తాను భుజం మీద దబ్బున పడేయడానికీ, నెమ్మదిగా దించడానికీ ఉన్న తేడా అనుకోండి. దీనికి బరువు తోడవుతుంది. ఒకే షెల్‌ను ఏడున్నర పౌండ్ల తుపాకీలో కాకుండా ఆరున్నర పౌండ్ల దాంట్లో పేలిస్తే తన్ను శక్తి దాదాపు 15 శాతం పెరుగుతుంది. ఇనర్షియా తుపాకులు సాధారణంగా తేలికైనవి. పది షెల్స్ పేల్చేచోట ఇదంతా పట్టించుకోవలసిన పనిలేదు. వందలో అరవయ్యోది పేల్చేసరికి చెంప స్టాక్‌కు ఆనడానికి జంకుతుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను తనంతట తానే మూసుకుంటుంది. ఒకసారి పట్టుకున్న ఆ బెదురు వదలడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే పదివేల షెల్స్ లెక్క వేసుకున్నవాడు గ్యాస్ వైపే మొగ్గాలంటాను. షెల్ విషయంలోనూ అంతే. 32 గ్రాముల లోడు బదులు 28 గ్రాములది వాడితే తన్ను ఐదో వంతు దాకా తగ్గుతుంది, క్లే మాత్రం అలాగే పగులుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం శుభ్రత. గ్యాస్ తుపాకీలో మసి పిస్టన్ చుట్టూ పేరుకుంటుంది, ఇనర్షియాలో బ్యారెల్ వెంట బయటికి పోతుంది. నిజమే. పాత రెమింగ్టన్ 1100లో ఒక చిన్న రబ్బరు రింగు తెగితే ఆట ఆగిపోయేది. కానీ మాస్‌బర్గ్ తన 940 ప్రోను శుభ్రం చేయకుండా 1,500 షెల్స్ పేల్చవచ్చని చెబుతోంది. కంపెనీ మాటలో సగమే నమ్మినా ఏడెనిమిది వారాంతాలకు ఒకసారి అరగంట పని, అంతే. రెండో అభ్యంతరం బలమైనది: రోజంతా పూరేడు పిట్టల వెంట పొలాల్లో నడిచేవాడికి పౌండు బరువు తగ్గడం వరమే. అలా నడిచేవాడికి ఇనర్షియాయే మేలు, వాదించను. అయితే గువ్వల వేటలో చెట్టు నీడన స్టూలు మీద కూర్చుంటాం, బాతుల వేటలో మడుగు ఒడ్డున పొంచి ఉంటాం. బరువు మోసేది తక్కువ, గాలిలో ఊపేది ఎక్కువ. బరువున్న బ్యారెల్ ఒకసారి కదిలిందంటే మధ్యలో ఆగిపోదు, గురి తప్పడానికి పెద్ద కారణం ఆ ఆగిపోవడమే. పైగా ఇనర్షియాకు భుజం దన్ను గట్టిగా ఉండాలి. భుజం వదులుగా పెట్టి తేలికపాటి షెల్ పేలిస్తే అది మొరాయించవచ్చు.

వేట కోసమని ఎక్కువ డబ్బు పోసి కొనే హంగుల్లో మొదట కొట్టేయవలసింది షెల్ కూర్చునే మూడున్నర ఇంచీల చాంబర్. 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల వేటలో సీసం నిషిద్ధం. సీసం కంటే తేలికైన స్టీల్ గుళ్ళు ఎక్కువ పట్టాలన్న ఆలోచన నుంచి వచ్చిన కొలత అది. మూడు ఇంచీల స్టీల్ షెల్ బాతుకు చాలు, కెనడా గీస్‌కూ చాలు. మూడున్నర కొన్నవాడు ఏటా వాడేది ఒక పెట్టె కూడా ఉండదు, దానికోసం తుపాకీ మాత్రం తేలిక షెల్ నుంచి ఫిరంగి దాకా అన్నిటినీ సంబాళించాలి. షెల్స్ ఎన్ని పడతాయన్నది కూడా దండగ ప్రశ్నే. వలస పక్షుల వేటలో తుపాకీలో మూడుకు మించి పట్టకుండా ప్లగ్ పెట్టాలి, స్పోర్టింగ్ క్లేస్‌లో ఒకసారి ఎక్కించేది రెండే. 28 ఇంచీల బ్యారెల్, ఇంప్రూవ్డ్ సిలిండర్ ఒకటి, మాడిఫైడ్ ఒకటి, గుళ్ళ చెదురును అదుపు చేసేందుకు బ్యారెల్ కొసన బిగించే ఈ రెండు చోకులతో ఏళ్ళు గడిచిపోతాయి.

దుకాణదారు చెప్పనిది, మనం అడగనిది కొలత. రైఫిల్‌కు వెనక సైట్ ఉంటుంది, షాట్‌గన్‌కు ఆ వెనక సైట్ మన కన్నే. చెంప స్టాక్ మీద ఇంచిలో ఎనిమిదో వంతు పైకో కిందికో జరిగితే 40 గజాల దూరంలో దెబ్బ నాలుగైదు ఇంచీలు జరుగుతుంది. ఫ్యాక్టరీ స్టాక్ పొడవు సాధారణంగా 14 ఇంచీల పైచిలుకు, అంటే సగటు అమెరికన్ మగవాడి చేతికి తగిన కొలత. మనలో చాలామందికి, మరీ ముఖ్యంగా ఆడవాళ్ళకు, అది పొడవు. పొడవైన స్టాక్ చొక్కాలో చిక్కుకుంటుంది, ఎడమ చెయ్యి చాచి చాచి అలసిపోతుంది, చివరికి మనిషే వెనక్కి వంగి నిలబడతాడు. అలా నిలబడ్డవాడిని తుపాకీ తన్నకేం చేస్తుంది? అందువల్ల స్టాక్‌కూ రిసీవర్‌కూ మధ్య పెట్టే షిమ్‌లు, పొడవు తగ్గించే స్పేసర్లు పెట్టెలోనే వచ్చే మోడల్ తీసుకోవడం, చెక్క అందం కంటే, ఉక్కు నీలిమెరుపు కంటే ముఖ్యం. చిన్న మనిషికి సన్నని గొట్టమున్న 20 గేజ్ కొనిపించడం మామూలు సలహా. ఆ తుపాకీ తేలిక కాబట్టి తన్ను అనుకున్నంత తగ్గదు. మామూలు 12 గేజ్‌లోనే స్టాక్ కురచ చేసి మెత్తని షెల్ వాడితే భుజానికి అంతకంటే సుఖం.

పేర్లు చెప్పకుండా తప్పుకోవడం మర్యాద కాదు. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి నా మొదటి ఓటు బెరెటా ఏ300 అల్టిమాకు. 2022లో వచ్చింది, టెనెస్సీలోని గాలటిన్‌లో తయారవుతుంది, గ్యాస్ పద్ధతి, మూడు ఇంచీల చాంబర్, వెయ్యికి అటూ ఇటూ ధర. అదే కంపెనీ ఏ400లో ఇంకా మెత్తగా ఆడే పిస్టన్, మంచి మెరుగు ఉన్నాయి గానీ, పైన పెట్టే ఆరేడు వందలతో అరవై పెట్టెల షెల్స్ వస్తాయి, అవి నేర్పేది ఎక్కువ. పొట్టివాళ్ళకు మాత్రం మాస్‌బర్గ్ 940 ప్రో ముందు. దాని స్టాక్‌ను 13 ఇంచీల దాకా తగ్గించుకోవచ్చు. వించెస్టర్ ఎస్‌ఎక్స్4 కూడా ఇదే వరసలో నిలబడగలది. మరి ఐదారు వందలకే దొరికే టర్కీ తుపాకుల మాటేమిటి? అక్కడి పనితనాన్ని తక్కువ చేయడం పాత అలవాటు. బెనెల్లి కుటుంబానికే చెందిన స్టోగర్ ఎం3000 టర్కీలోనే తయారవుతుంది, ఇనర్షియా పద్ధతి, బరువైన షెల్స్‌తో బాగా ఆడుతుంది. వేటే ప్రధానమైనవాడు అదే కొనుక్కోవచ్చు. నా అనుమానం దాని నాణ్యత మీద కాదు, ఏటా పేరు మార్చుకుని వచ్చే ఇతర దిగుమతుల మీద. ఐదేళ్ళ తర్వాత పిస్టనో స్ప్రింగో కావాలంటే ఆ దిగుమతిదారు ఉంటాడా?

పెద్దరికపు అభ్యంతరం ఒకటి మిగిలింది: సీరియస్ షూటర్లు సెమీ ఆటో ముట్టరు, ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలున్న ఓవర్ అండరే వాళ్ళ తుపాకీ. హైదరాబాద్ నుంచి రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళిన కైనన్ చెనాయ్ ఆడే ట్రాప్‌లో దాదాపు అందరి చేతుల్లోనూ కనిపించేది అదే. కానీ ఒలింపిక్ స్థాయి ఓవర్ అండర్ ధరకు ఇక్కడ మంచి కారు వస్తుంది, మామూలు బెరెటా 686 కొత్తదైనా రెండు వేలు దాటుతుంది. వెయ్యి లోపు దొరికేవి తన్నులో కఠినం, కీలు దగ్గర త్వరగా వదులవుతాయి. వెయ్యి డాలర్ల ఓవర్ అండర్ చవక తుపాకీ, వెయ్యి డాలర్ల సెమీ ఆటో మంచి తుపాకీ. ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనది: ట్రాప్ వరసలో సెమీ ఆటో విసిరే ఖాళీ షెల్ కుడిపక్క మనిషికి తగులుతుంది. రిసీవర్‌కు బిగించే చిన్న షెల్ క్యాచర్ కొనండి, బోల్టు ఎప్పుడూ తెరిచి ఉంచి నడవండి, ఎవరూ మొహం చిట్లించరు.

ఇంకా తక్కువలో తేల్చుకోవాలంటే టర్కీ వైపు కంటే పాత సామాను వైపు చూడమంటాను. 1990లలో వచ్చిన బెరెటా 390 ఇప్పటికీ సెకండ్ హ్యాండ్ అరల్లో కనిపిస్తుంది. బ్యారెల్ కింద చెయ్యి పట్టే ఫోరెండ్ విప్పించి చెక్కలో పగులుందేమో, మేగజీన్ ట్యూబు మీద తుప్పు తినేసిన గుంటలున్నాయేమో, చోకు మర సులువుగా తిరుగుతుందో లేదో చూడండి. స్టాక్ మీద గీతలు ఎన్నున్నా పట్టించుకోవద్దు, వాటిని చూపించి యాభై డాలర్లు తగ్గించమని అడగండి.