రాలిన పండుకు తూకం

మా బాబాయికి ఫారిన్ సీసాలంటే ఆట్టే గురి లేదు. జోహానెస్‌బర్గ్ నుంచి మా ఊరు బంటుమిల్లి వస్తూ అమరూలా సీసా తెచ్చిస్తే, లేబుల్ మీద ఏనుగును ఒకసారి, గ్లాసులో లేత కాఫీ రంగును ఒకసారి చూసి "ఏరా, ఇది మందా, పాయసమా?" అన్నాడు. ఒక గుక్క వేశాక తీర్పు చెప్పాడు: "పాయసమే. కాకపోతే నిదానంగా ఎక్కే పాయసం." అందులో ఆల్కహాల్ 17 శాతం.

1989లో దక్షిణాఫ్రికా బజారులోకి వచ్చిన ఈ మీగడ మందుకు మూలం మారులా అనే అడవి చెట్టు. మన మామిడి, జీడిమామిడి, సారపప్పు చెట్ల కుటుంబమే అది. తాడిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇందులోనూ మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. కాపు ఆడచెట్టుకే. జనవరి నుంచి మార్చి దాకా కాయ పచ్చిగానే రాలి, నేల మీద పసుపు రంగుకు తిరుగుతుంది. తోలు గట్టిది, గుజ్జు తక్కువ, టెంక పెద్దది. కొరికి, పిండి, పుల్లపుల్లగా టెంకను చీకాల్సిందే.

లింపోపో రాష్ట్రంలో ఫలబోర్వా వైపు వెళ్తే ఆ రోజుల్లో చెట్ల కింద ఆడవాళ్లే కనిపిస్తారు. చెట్టెక్కడం, కొమ్మ దులపడం ఉండదు. రాలినవే ఏరి బస్తాలకెత్తుతారు. ఫ్యాక్టరీ వాటిని తూకం వేసి కొంటుంది. టెంక తీసి, గుజ్జు పులియబెట్టి, బట్టీ పట్టి, ఓక్ పీపాల్లో రెండేళ్లు మాగబెట్టి, చివర్న మీగడ కలుపుతారు. ఏరినవాళ్లు దాంతో మేడలేమీ కట్టరు. కానీ అక్కడ బడులు తెరిచేది జనవరిలో. యూనిఫాం, పుస్తకాల ఖర్చులకు సరిగ్గా అప్పుడే చేతికి రొక్కం అందుతుంది. ఊళ్లో తాగే మారులా బీరు చేసేదీ ఆడవాళ్లే. పక్కనున్న ఎస్వతీని దేశంలో ఆ బీరును ఏటా రాజుగారికి సమర్పించే పండుగే ఉంది.

ఏనుగులు ఈ పళ్లు తిని మత్తెక్కి తూలుతాయని 1974లో వచ్చిన ఒక సినిమా లోకాన్నంతా నమ్మించింది. అంత పెద్ద ఒంటికి మత్తెక్కాలంటే మామూలు మేత సరిపోదని 2006లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కగట్టి తేల్చారు. పళ్లంటే ఏనుగులకు ఇష్టమన్నది మాత్రం నిజమే.

మా ఊళ్లోనూ రాలే పండు ఉంది. శ్రావణ భాద్రపదాల్లో కాలవగట్ల మీద తాటిపళ్లు దబ్బున పడుతుంటాయి. ఇంటికి రెండు మూడు తెచ్చి కాల్చుకుంటాం. ఓపికున్న పెద్దవాళ్లు గుజ్జు తీసి రొట్టె వేస్తారు, టెంకలు పాతరేసి తేగలు తవ్వుతారు. ముంజెకు బేరం ఉంది, తేగకు బేరం ఉంది, కల్లుకు చెప్పనే అక్కర్లేదు. మధ్యలో ఆ పండుకే తూకం లేదు. చేపల చెరువులు తవ్వేటప్పుడు గట్టు మీది తాడికి ఆయుష్షు తీరడానికి ఇదీ ఒక కారణమే: డబ్బు తేని చెట్టును ఎవరు కాస్తారు?

మనమూ తాటి లిక్కర్ పెట్టాలని నా ఉద్దేశం కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచి, మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా సారాను నిషేధించేలా చేసిన నేల మనది. తాటిగుజ్జుతో తాండ్ర చేయొచ్చు, జామ్ చేయొచ్చు. అవి ఎలా చేయాలో రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానానికి తెలుసు. కావలసింది కొత్త విద్య కాదు, కొనే చెయ్యి. భాద్రపదంలో బంటుమిల్లి సెంటర్లో ఒక కాటా పెట్టి, పండుకు ఇంత అని రేటు రాసిపెట్టండి. ఏరేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.