వాన కురిసినచో

ఇంగ్లీషు నేర్చుకొను మన పిల్లలకు ‘ఇఫ్’ అను చిన్న మాట కలిగించు చిక్కు ఇంతంత గాదు. “రేపు వాన కురియును” అనుటకు ‘ఇట్ విల్ రెయిన్ టుమారో’ అని నేర్పుదుము. మరునాడే “రేపు వాన కురిసినచో” అనుటకు ‘విల్’ తీసివేసి ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో’ అని వ్రాయుమందుము. రేపటి వానకు వర్తమానకాలమేమి యని వారడుగుట న్యాయమే.

నేను చెప్పు సమాధానమిది. ఫలమును దెలుపు వాక్యములోని ‘విల్’ రాబోవు కాలమును ఒకసారి చాటియేయున్నది. షరతులో మరల చాటనక్కరలేదు. షరతులో ‘విల్’ వచ్చెనేని అది చాలవరకు కాలమును గాక ఇష్టమును దెలుపును. ‘ఇఫ్ యు విల్ వెయిట్’ అనగా మీరు వేచియుండుటకు సమ్మతించినచో నని. “అతడు వచ్చునో రాడో యెరుగను” అనునపుడు కూడ ‘ఇఫ్’ వెంట ‘విల్’ నిలుచును; అది షరతు గాదు, సందేహము.

మన భాష చేయునది ఇంతకంటె వింత. ‘కురిసిన’ అనునది భూతకాలపు రూపము. దానికి ‘చో’ చేర్చి రేపటి వానను గూర్చి పలుకుచున్నాము! వ్యాకరణజ్ఞులు దీనిని చేదర్థకమందురు. 1948 వరకు నిజాం రాజ్యములో నుండిన మన వేములవాడ ప్రాంతపు బడులలో బోధనాభాషగా నుండిన ఉర్దూ సయితము ‘అగర్ బారిష్ హుయీ తో’ అని భూతకాలమునే వాడును. కావున మన బాలురు రేపటి మాటకు ‘ఇఫ్ ఇట్ రెయిన్డ్’ అని వ్రాయుట తెలివితక్కువ గాదు, ఇంటి యలవాటు. (పలికినదెల్ల జరిగెనని ప్రతీతి గల వేములవాడ భీమకవికి చేదర్థకముతో పనియే లేకుండెనేమో! ఆయన ఊరు మనదియో గోదావరి దిక్కుదియో అను వాదము వేరు.)

అయితే ఇంగ్లీషులో ఆ భూతకాలమునకు వేరొక బరువు గలదు. ‘రెయిన్స్’ అన్నవాడు ఇంకను మబ్బువైపు చూచుచున్నాడు. ‘రెయిన్డ్’ అన్నవాడు ఆశ సగము విడిచినాడు.

ఒక పరీక్షలో ఒక బాలుడు ‘ఇఫ్ మై ఫాదర్ సెంట్ మనీ, ఐ వుడ్ స్టడీ ఫర్దర్’ అని వ్రాసెను. తండ్రి భివండిలో మగ్గముల పనిలో నున్నాడు. వాక్యమున వ్యాకరణదోషము లేదు. మన ‘పంపిన’ను ఉన్నదున్నట్లు ఇంగ్లీషులోనికి దెచ్చెనో, నాయన పంపడని నిశ్చయించుకొని వ్రాసెనో నాకు తెలియరాలేదు. ఎర్రసిరా పక్కనబెట్టి, అతనిని పిలిచి, రెండు రూపములకును గల భేదము వివరించి, “నీవు చెప్పదలచినది యేది?” అంటిని. అతడు కొంతసేపు కాగితము వంక చూచి, ‘సెంట్’ కొట్టివేసి ‘సెండ్స్’ అనియు, ‘వుడ్’ కొట్టివేసి ‘విల్’ అనియు వ్రాసి యిచ్చెను.