బుస్రాలో ఒక పగలు

సిరియాలోని బుస్రా పేరు వినగానే మనలో చాలామంది దానిని ఇరాక్‌లోని బస్రా అనుకుంటారు. ఇది వేరు. దమాస్కస్‌కు దక్షిణాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, జోర్డాన్ సరిహద్దుకు చేరువగా, హౌరాన్ మైదానంలో ఉన్న నల్లరాతి పట్టణమిది. సీరత్ గ్రంథం చేతబట్టిన ప్రతి విద్యార్థికీ ఈ పేరు తారసపడుతుంది. హెరాక్లియస్ చక్రవర్తికి దైవప్రవక్త (స) పంపిన లేఖను హజ్రత్ దిహ్యా కల్బీ (రజి) బుస్రా పాలకుడి ద్వారా అందజేశారని సహీహ్ బుఖారీలో ఉంది. హిజ్రీ 13లో, అంటే క్రీ.శ. 634లో, శాం దేశపు పెద్ద నగరాలలో మొట్టమొదట ముస్లిముల వశమైనది కూడా ఇదే.

1990ల తొలినాళ్లలో నేను దమాస్కస్‌లో చదువుకుంటున్నప్పుడు, ఒక శీతకాలపు సెలవు రోజున మా హదీసు ఉస్తాద్ ఇరవైమంది విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లారు. ఇండోనేషియా, సెనెగల్, తుర్కియే దేశాలవారు తోడుగా ఉన్నారు. తెలుగు నేల నుంచి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే.

హౌరాన్‌లో కలప అరుదు, నల్లని బసాల్టు రాయి మాత్రం కొల్లలు. అందుకే అక్కడి పాత ఇళ్లకు దూలాలూ రాతివే, పైకప్పు పలకలూ రాతివే. కొన్నిటికి తలుపులు సైతం రాతివే! ఆ శిథిలాల నడుమే కుటుంబాలు కాపురముండేవి. రోమన్ స్తంభానికి తాడు కట్టి ఒక ఇల్లాలు బట్టలు ఆరవేస్తున్నది. నాకు అది అపచారంగా తోచలేదు. ఊరు బతికి ఉందనిపించింది. 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ పట్టణం, యుద్ధం మూలంగా 2013లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో కూడా చేరింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ బట్టల తాడే.

రెండవ శతాబ్దపు రోమన్ నాటకశాలలో దాదాపు 15,000 మంది కూర్చోవచ్చునట. అయ్యూబీ సుల్తానులు దాని చుట్టూ బురుజులు కట్టి కోటగా మార్చారు. ఆ కోటే దానిని కాపాడింది. సెనెగల్ మిత్రుడు వేదికపై నిలిచి సూరా రహ్మాన్ పారాయణం చేశాడు. చిట్టచివరి మెట్టు మీద కూర్చున్న నాకు ఒక్క అక్షరమైనా తప్పకుండా వినిపించింది.

తరువాత మార్గదర్శి మమ్మల్ని ఒక పాడుబడిన చర్చి గోడల వద్దకు తీసుకువెళ్లి, "బహీరా సన్యాసి ఉన్నది ఇక్కడే. బాలుడైన ప్రవక్త (స)ను గుర్తించిందీ ఇక్కడే" అన్నాడు. అందరమూ ఆర్తితో గోడలను తడిమాము. ఉస్తాద్ మాత్రం, "సనద్ ఏమిటి? మధ్యాహ్నం చెప్పండి" అని ముందుకు నడిచారు.

ఆ మధ్యాహ్నం పాఠం జరిగిన చోటు మబ్‌రకున్నాఖా. ఖుర్ఆన్ ప్రతిని శాం దేశానికి మోసుకొచ్చిన ఒంటె మోకరిల్లిన తావు అదేనని స్థానికులు అంటారు. దాని ప్రక్కనే అమీర్ గుముష్తకీన్ హిజ్రీ 530లో (క్రీ.శ. 1136) హనఫీ పండితుల కోసం కట్టించిన చిన్న మద్రసా ఉంది. నేటికీ మిగిలి ఉన్న అతి ప్రాచీన మద్రసా కట్టడాలలో అది ఒకటి. మా ఊరి మద్రసా కూడా అంతకంటే పెద్దదే!

అక్కడే వలయంగా కూర్చున్నాము. బహీరా ఉదంతాన్ని తిర్మిజీ ఉల్లేఖించి, 'హసన్ గరీబ్' అన్నారని ఒకడు చెప్పాడు. ఆ ఉల్లేఖనం చివర హజ్రత్ అబూబకర్ (రజి), ప్రవక్త (స) వెంట హజ్రత్ బిలాల్ (రజి)ను పంపినట్టు ఉంది. అప్పటికి అబూబకర్ (రజి) పదేళ్ల బాలుడు, బిలాల్ (రజి) ఇంకా పుట్టనేలేదు కదా అన్నది దమాస్కస్ పండితుడు ఇమామ్ జహబీ అభ్యంతరం. ఆయన శిష్యుడు ఇబ్నె కసీర్ జన్మించినది బుస్రా సమీపంలోని గ్రామంలోనే. తన సొంత సీమకు కీర్తి తెచ్చే కథ అయినప్పటికీ, అందులోని విడ్డూరాన్ని ఆయన దాచలేదు. ఉస్తాద్ ఈ మాట చెబుతూ ఆ నల్లరాతి గోడల వైపు చూశారు.

ఇండోనేషియా మిత్రుడు ఊరుకోలేదు. ఉల్లేఖకులు విశ్వసనీయులేననీ, ఆ ఒక్క వాక్యమే ఎవరో చేర్చినది కావచ్చుననీ హాఫిజ్ ఇబ్నె హజర్ అన్న మాటను ముందుపెట్టాడు. ఉస్తాద్ ముఖం వెలిగింది. అంతలో అస్ర్ అజాన్ వినిపించింది. నమాజు ముగించి బస్సెక్కిన తరువాత కూడా వాదన సాగుతూనే ఉంది. దమాస్కస్ దీపాలు కనిపించే వేళకు సగంమంది నిద్రలో ఉన్నారు, అతను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.